అన్నకివ్వని మాంత్రికుడి మొహం

వేలూరు బాగాయంలో మా ఇంటి బీరువా మీద ఒక రేకుపెట్టె ఉంది. దాని జోలికి ఎవరైనా పోతే నాకు కోపం వస్తుంది. యాభై నాలుగేళ్ళ మేస్త్రీని, నా చేతికింద పదిమంది పనిచేస్తారు, వానకు సిమెంటు మూటలు తడిసి గడ్డకట్టినా అంత కేకలు వెయ్యను. ఇంటికి సున్నం కొట్టిన ప్రతిసారీ మా ఆవిడ ఆ పెట్టెను దించి, దుమ్ము దులిపి, నా ముందర పెట్టేది. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఎవురింట్లోనన్నా మొగోళ్ళు బొమ్మల పెట్టెకు తాళం ఏసుకొంటారా?" అనేది. అననీ అనుకునేవాణ్ణి. తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది.

ఆ పెట్టెలో ఉన్నవి మా చిన్నప్పటి సినిమా సామాన్లు. మా అంటే నావీ, మా అన్నవీ. అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇరవై ఏడేళ్ళకే పోయాడు. ఆ పెట్టెలో ఉన్న ఒక వస్తువును అన్న నన్ను అడిగాడు, నేను ఇవ్వలేదు. చెప్పదలచుకున్నది దాని గురించే, కానీ నేరుగా అక్కడికి పోవడానికి నాకు ధైర్యం చాలదు. మిగతావి ముందు చెబుతాను.

మేము గుడియాత్తం వాళ్ళం. మా నాయన మేస్త్రీ, వాళ్ళ నాయనా మేస్త్రీనే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తిట్టుకోవడానికి రెండూ. అమ్మ ఇంట్లోనే కూర్చుని అగ్గిపెట్టెలకు చీటీలు అతికించేది. ఊరి చివర టెంటు సినిమా ఉండేది, కొట్టాయి అనేవాళ్ళం. అక్కడ నేల టికెట్టంటే ఇసకే. ఇసకను కుప్పగా పోసుకుని దానిమీద కూర్చుంటే తెర బాగా కనిపిస్తుంది. అయితే వెనకవాళ్ళు ఊరుకోరు, చొక్కా పట్టుకుని కిందికి లాగుతారు. అన్న నాకోసం కుప్ప పోసి, నన్ను ఎక్కించి, వెనకవాళ్ళ తిట్లు తను తినేవాడు. నేను పొట్టివాణ్ణి. ఇప్పుడూ పొట్టివాణ్ణే, కుప్ప పోసేవాళ్ళు లేరు అంతే.

కొట్టాయి వెనక ఆపరేటరు తెగిపోయిన ఫిలిం ముక్కలు పారేసేవాడు. పొద్దున్నే పోతే దొరికేవి. మేకలు కూడా అప్పుడే వచ్చేవి, వాటికంటే ముందు పోవాలి. అలా ఏరుకొచ్చినవి ఒక హార్లిక్సు సీసా నిండా ఉన్నాయి. కాలిపోయిన బల్బు లోపలి తీగ తీసేసి, నీళ్ళు పోసి, అద్దంతో ఎండను లోపలికి మళ్ళించి, మధ్యలో ఫిలిం ముక్క పట్టుకుంటే నాయన పంచె మీద బొమ్మ పడేది. ఆ విద్య అన్న ఎక్కడ నేర్చాడో తెలీదు. మొదటిరోజు గుర్రం మీద రాజకుమారుడు తలకిందులుగా పడ్డాడు. అన్న అరపూట తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఫిలిమునే తలకిందులుగా పెట్టాడు, రాజకుమారుడు నిలబడ్డాడు. వీధిలో పిల్లలంతా వచ్చారు. ఎండ గోడ దాటి పోయేదాకా మా సినిమా ఆడింది.

చీటీల కాగితాలు కూడా ఉన్నాయి. సినిమావాళ్ళ మొహాలు అచ్చేసిన అగ్గిపెట్టె చీటీలు, ఇంకా కత్తిరించనివి, ఒక కాగితంలో నలభై మొహాలు. అమ్మకు తెలియకుండా అన్న ఒకటి దాచాడు, నేను చెప్పేశాను, అన్నకు దెబ్బలు పడ్డాయి. మరునాడు అన్న ఆ కాగితంలో సగం నాకే ఇచ్చాడు. చెప్పినందుకు కోపం లేదా అని అడిగాను. "నీకు చెప్పకుండా దాచింది నా తప్పే గదరా" అన్నాడు. అలాంటివాడు.

ఒక పాటల పుస్తకం ఉంది. నాయన చిత్తూరుకు పనికి పోయినప్పుడు అక్కడ ఒక తెలుగు సినిమా చూసి, హాలు ముందర కొనుక్కొచ్చాడు. మా ఇంట్లో అందరమూ తెలుగు మాట్లాడేవాళ్ళమే, తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. బళ్ళో తమిళమే కదా. అయినా అన్న దాన్ని చదివేవాడు. పుట తిప్పి, వేలు పెట్టి, రాజకుమారి కిటికీ నుంచి దూకి గుర్రమెక్కి పారిపోయిందనీ, మాంత్రికుడు పాముగా మారి వెంటపడ్డాడనీ గడగడా చదివేవాడు. నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. నలభై ఐదేళ్ళు దాటాక, పలమనేరు నుంచి టైల్సు పనికి వచ్చిన ఒకాయన దగ్గర సాయంత్రాలు కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మొదట చదివింది ఆ పుస్తకమే. రాజకుమారి పారిపోయిన పుటలో తలనొప్పి మందు ప్రకటన ఉంది. పాము ఎక్కడా లేదు. కూర్చుని నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. ఆ టైల్సాయన భయపడి లేచి వెళ్ళిపోయాడు.

ఇక అసలుది. గంగమ్మ తిరునాళ్ళలో నాయన కొనిచ్చిన మొహం. ఆ ఏడు కొట్టాయిలో ఒక జానపద సినిమా చాన్నాళ్ళు ఆడింది, అందులో మాంత్రికుణ్ణి చూసి పెద్దవాళ్ళు కూడా జడుసుకున్నారు. తిరునాళ్ళలో ఒకడు ఆ మాంత్రికుడి మొహాలు చేసి కర్రకు గుచ్చి అమ్మాడు. కాగితం గుజ్జుతో చేసింది. గుండ్రటి ఎర్రకళ్ళు, రెండు కోరలు, మేక వెంట్రుకల గడ్డం, చెవుల దగ్గర కట్టుకోను దారం. ఇద్దరికీ కలిపి ఒకటే కొన్నాడు నాయన. ఎవరు పెట్టుకోవాలని మేము కొట్టుకోలేదు. మాంత్రికుడు ఎప్పుడూ అన్నే. ఎందుకంటే చివర్లో మాంత్రికుడు చావాలి, నాకు చావడం ఇష్టం లేదు. మేస్త్రీ ఇల్లు కదా, ముంగిట్లో ఎప్పుడూ ఇసక కుప్ప ఉండేది. నేను అట్టకత్తితో పొడిస్తే అన్న దానిమీద నుంచి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర చచ్చిపోయేవాడు. ఎన్నిసార్లు చంపానో.

తొమ్మిదో తరగతితో అన్న బడి మానేసి నాయన వెంట పనికి పోయాడు. పోయే ముందురోజు రేకుపెట్టె తెచ్చి నా ముందర పెట్టి, "ఇంక నాకు తీరదు. ఇవన్నీ నువ్వే పెట్టుకో" అన్నాడు. ఇద్దరిదీ అయిన పెట్టె ఆరోజు నాదయింది. నేను దానికి తాళం వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే అన్నకు కూడా ఒక చెవి ఇచ్చి ఉండాల్సింది. అప్పుడు తోచలేదు.

నేనూ తర్వాత అదే పనిలోకి వచ్చాను. మా పనిలో ఒక ఆచారం ఉంది. పునాది పూర్తయి గోడలు కంటికి ఆనగానే ముందరవైపు దిష్టిబొమ్మ కట్టాలి. అంగట్లో దొరికే నల్లమొహం కడతారు, బూడిద గుమ్మడికాయ మీద కళ్ళూ మీసాలూ గీసి కడతారు, ఏదీ లేకపోతే పాత చెప్పు, చీపురు. ఏది కట్టినా ఒకటే నియమం. కట్టినదాన్ని మళ్ళీ ఇంటికి తేకూడదు. పాలు పొంగించే ముందురోజు దించి కాల్చెయ్యాలి. ఊరి కళ్ళన్నీ దానిమీదే పడి ఉంటాయి కాబట్టి.

నాకు ఇరవై నాలుగేళ్ళు. పేర్ణాంబట్టులో బస్సు రోడ్డు పక్కనే ఒక మిద్దె కడుతున్నాం. నాయన అప్పటికి లేడు, మేస్త్రీ అన్నే. అన్నకు పెళ్ళయి ఏడాదిన్నర, వదినకు ఐదో నెల. ఇంటాయన తోళ్ళ వ్యాపారి, దిష్టిబొమ్మ తెమ్మంటే రేపు మాపు అంటున్నాడు. ఆరోజు సాయంత్రం పని ముగించి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాం. అన్న నా వైపు చూడకుండానే అడిగాడు.

"పెట్టెలో మాంత్రికుడి మొహం ఉండాది గదా. దాన్ని కట్టేద్దామారా? బస్సులో పొయ్యేవాళ్ళంతా ఈ పక్కే చూస్తా ఉండారు."

"వానకు నానిపోతాది" అన్నాను నేను.

"నానితే నానింది."

"మళ్ళ ఇంటికి తెచ్చుకొనేదానికి లేదు గదా. అంగట్లో దొరకవా? నీకదే కావల్నా?"

అన్న మొహం మీద నీళ్ళు చల్లుకున్నాడు. "సరే, ఉండనీలే" అన్నాడు. అంతే. గొడవ లేదు, మాటామాటా లేదు. గొడవ అయి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. మరునాడు అన్న తన తెగిపోయిన చెప్పును తీగకు గుచ్చి ముందర వేలాడదీశాడు. నేను చూసి కూడా ఏమీ అనలేదు.

నాలుగోరోజు పైవరస ఇటుక పెడుతున్నాం. సవుకు కర్రలు నిలబెట్టి, అడ్డకర్రలు కట్టి, మీద పలకలు పరుచుకుని కట్టుబడి చేస్తాం మేము. ఒక అడ్డకర్ర ముడి కింద పుచ్చిపోయి ఉంది. పైకి కనపడలేదు. నేను కింద ఇసక జల్లిస్తున్నాను. ఫట్‌మని శబ్దం వచ్చింది. తలెత్తేలోగా అన్న ఇటుకల మీద పడి ఉన్నాడు. వేలూరు పెద్దాసుపత్రికి వ్యానులో తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. తల నా తొడ మీద ఉండింది. నేను గట్టిగా పట్టుకునే ఉన్నాను, ఎప్పుడు పోయాడో నాకు తెలియలేదు.

చావు ఇంటి ముందర కూర్చున్నవాళ్ళలో ఒక ముసలి మేస్త్రీ తమిళంలో నిదానంగా అన్నాడు, సరైన బొమ్మ కట్టకుండా గోడ లేపితే ఇలాగే అవుతుందని. ఎవరినీ అనలేదు ఆయన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అక్కడి నుంచి లేచి పెరట్లోకి పోయాను. అన్న నన్ను అడిగిన సంగతి ఎవరికీ తెలీదు. అడిగినవాడు లోపల చాప మీద ఉన్నాడు.

దిష్టిని నేను నమ్ముతానా అంటే, నమ్మను. పుచ్చుకర్ర వల్లే మా అన్న పోయాడని ఎవరితోనైనా వాదిస్తాను. ఈరోజుకీ ప్రతి కర్రనూ నేనే తట్టి చూస్తాను. కానీ నా చేతి మీద లేచిన ఏ ఇంటినీ దిష్టిబొమ్మ లేకుండా కిటికీ మట్టం దాటనివ్వలేదు. ఏమిటిది అని మావాళ్ళు నవ్వితే తిడతాను.

ఆ మొహాన్ని కాల్చేద్దామని రెండుసార్లు తీశాను. చేతులు రాలేదు. బొమ్మ మీద ప్రేమ అప్పటికే చచ్చిపోయింది, అది వేరే సంగతి. అన్న అడిగితే ఇవ్వనిదాన్ని ఇంకెవరికిస్తాను? పొయ్యికిస్తానా? దాన్ని పదిలంగా ఉంచకపోతే ఆరోజు లేదన్నదానికి అర్థమే లేకుండా పోతుంది. అందుకని వేపాకు వేసి, పాత చీరముక్కలో చుట్టి, ఏటా ఒకసారి ఎండలో పెట్టి మళ్ళీ లోపల పెడుతూ వచ్చాను. దాంతోపాటు మిగతావీ ఉండిపోయాయి.

వదినకు ఆడపిల్ల పుట్టింది. వదిన పుట్టింటికి పోలేదు. గుడియాత్తంలోనే ఉండి బీడీలు చుట్టి బిడ్డను పెంచింది. నేను చేయగలిగింది చేశాను, బియ్యం తెచ్చి ఇచ్చాను, బడిలో చేర్చాను. అన్నీ వీధిగుమ్మం దగ్గర నిలబడే చేశాను. లోపలికి పోయి కూర్చుంటే వదిన అన్న మాట ఎత్తుతుందేమోనని భయం. పాపను బడిలో వేసిన రెండేళ్ళకు పనుల సాకు చెప్పి వేలూరు వచ్చేశాను. మా ఆవిడ ఆ తర్వాత వచ్చింది, ఆమెకు ఇవేవీ అప్పుడు తెలీవు.

పాపకు పదేళ్ళప్పుడు ఒకసారి పోయాను. వదిన బీడీల చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. "బళ్ళో వాళ్ళ నాయన గురించి రాసుకొని రమ్మన్నారంట అప్పా. నా కాడ పెండ్లి ఫోటో తప్ప ఏముండాది? ఆయన చిన్నప్పటివి ఏమన్నా నీ కాడ ఉండాయా?" అని అడిగింది. పాప గడప మీద నిలబడి నా మొహమే చూస్తోంది. ఉన్నాయంటే చూపించాలి. చూపిస్తే మాంత్రికుడి మొహం బయటికి వస్తుంది. "ఏమీ లేవు వదినా. ఇల్లు మారినప్పుడు యాడో పోయినాయి" అన్నాను. వదిన సరేనంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా బస్సెక్కాను.

ఆ పెట్టె అసలు సంగతి మా ఆవిడకు తెలిసిన రోజు కూడా చెప్పాలి. రెండేళ్ళ కిందట బెంగుళూరు రోడ్డులో ఒకతను కొత్త హోటలు కడుతూ, గోడల నిండా పాతకాలపు సినిమా సామాన్లు తగిలించాలని ఊరంతా వెతుకుతున్నాడు. ఎవరో నా పేరు చెప్పారు. వచ్చాడు, మర్యాదగానే అడిగాడు. ఇడ్లీ తినేవాళ్ళు చూసుకోవడానికి నా అన్న ఫిలిం ముక్కలు గోడకు కొడతాడట. నేను గట్టిగా అరిచి పంపేశాను. మా ఆవిడకు సిగ్గేసింది. "ఎంగిలిచేత్తో కాకిని తోలరు గదా మీరు. మంచిగా లేదంటే పోయేదానికి ఆయన్నెందుకు అరిచేది?" అంది. "అన్నకియ్యందాన్ని వీనికిస్తానా" అనేశాను. నోరు జారిపోయింది. ఇక దాచి లాభం లేదు, కూర్చుని అంతా చెప్పాను. ఆమె అంతా వింది. చివరికి, "ఇది గుడియాత్తం అక్కకు చెప్పుండాల్సింది. నాకు గాదు" అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఎప్పుడూ పెట్టె గురించి నన్ను ఎగతాళి చెయ్యలేదు. ఎగతాళి చేస్తేనే బాగుండేది.

అన్న కూతురు చదువుకుని వేలూరులోనే ల్యాబులో పనిచేస్తోంది. ఇరవై తొమ్మిదేళ్ళు. పోయినేడు మా బాగాయంలోనే చిన్న స్థలం కొని, "చిన్నాయనా, నువ్వే కట్టియ్యాల" అంది. వాళ్ళమ్మను తెచ్చుకుని దగ్గర పెట్టుకుంటుందట. కట్టడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో అంత జాగ్రత్తగా ఏ ఇల్లూ కట్టలేదు. గోడలు కిటికీ మట్టానికి వచ్చిన రోజు పాప ఫోను చేసింది. "దిష్టికి ఏమన్నా కట్టాల గదా. ఆదివారం అమ్మను పిలుచుకొని వస్తా ఉండా. అంగట్లో కొనుక్కొని రానా?" అంది.

"వద్దు. నా కాడ ఒకటుండాది" అన్నాను.

ఆదివారం పెట్టె మొత్తం ఎత్తుకుని సైటుకు పోయాను. వదిన ఇటుకల పేర్పు నీడలో కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది, బీడీలు చుట్టి చుట్టి వేళ్ళ కొసలు పచ్చబడి ఉన్నాయి. పాప ఒక్కో గదీ కొలిచినట్టు నడిచి చూస్తోంది. ఆకాశంలో మబ్బులు ఉన్నాయి. సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి, పెట్టె కింద పెడుతూ నాకు మొదట వచ్చిన ఆలోచన, వాన పడితే ఇది నానిపోతుందే అని. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా.

తాళం తీశాను. మాంత్రికుడి మొహం బయటికి తీసి వదిన ముందర పెట్టాను. నేలను చూస్తూ చెప్పాను. పంపు దగ్గర అన్న అడిగింది, నేను అన్నది, తెగిన చెప్పు, అన్నీ. "నేనియ్యలేదు వదినా. ఇచ్చుంటే ఏమయ్యుండేదో నాకు తెలీదు. ఈ పొద్దు దీన్ని పాప ఇంటికి కట్టేస్తాను" అన్నాను.

వదిన దాన్ని ముట్టుకోలేదు. "నాకు తెలుసప్పా" అంది.

నేను తలెత్తాను.

"ఆ సాయంత్రమే వచ్చి చెప్పినాడు. నవ్వినాడు. వాడింకా చిన్నోడే, ఉండనీ అన్నాడు. ఆయన పోయినాక నాకు నీ మీద కోపం రాలేదంటే అబద్దం. వచ్చింది. శానా దినాలు వచ్చింది. తర్వాత పోయింది. బొమ్మకా పాణం నిలబడేది?" వదిన చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "అదెల్లాం వేండాం, అవన్నీ వద్దు. దీన్ని ఈ ఇంటికి కట్టొద్దు. కడితే, ఆ పొద్దు కట్టనందుకే మీ నాయన పోయినాడని బిడ్డకు చెప్పినట్టు అవతాది. కర్ర విరిగి పడినాడు. నేను చెప్పింది అదే. అట్లనే ఉండనీ. అంగట్లో ఒకటి కొనుక్కొని కట్టు."

నా మీద ఉన్న బరువు దిగిపోయిందనుకున్నాను. ఒక్క క్షణం అలా అనిపించిన మాట నిజం.

వదిన ఇంకా ముగించలేదు. "బిడ్డకు పదేండ్లప్పుడు నేనడిగితే ఏమీ లేవంటివే, ఆ పొద్దు మాత్రం నాకు కడుపు మండింది. పెట్టె ఉండాదని నాకు తెలుసు. నీకు ఇచ్చేసినానని ఆయనే చెప్పినాడు. ఏడాదిన్నర కాపురం నాది. ఆ ఏడాదిన్నరనే దీనికి కతలు కతలుగా చెప్పినాను. ఒకే కతను నూరుసార్లు చెప్పినాను. నీ కాడ ఇరవై నాలుగేండ్లు ఉన్నింది. దాన్ని పెట్టెలో పెట్టి తాళమేసుకొంటివి."

దిష్టి, బొమ్మ, పుచ్చుకర్ర అంటూ ముప్పై ఏళ్ళు నాతో నేనే వాదించుకుంటూ ఉంటే, నేను చేసిన అసలు తప్పు బీడీల చేట పక్కన గడప మీద నిలబడి నా మొహం చూసింది. నాకు కనపడలేదు.

మాటలు విని పాప వచ్చింది. కోపంగా ఏమీ లేదు. "ఇవన్నీ నాయనవేనా?" అని నేల మీద కూర్చుంది. హార్లిక్సు సీసా తెరిచి ఫిలిం ముక్కలు ఒక్కొక్కటే ఎండకు పట్టి చూసింది. బల్బులో నీళ్ళు పోసిన సంగతి చెప్పాను. ఇసక కుప్ప సంగతి, చీటీల సంగతి, దెబ్బలు తిన్న సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే ఆశ్చర్యం, ఒక్కటీ మరిచిపోలేదు. పాప నవ్వుతోంది, వదిన కూడా ఒకసారి నవ్వింది. ఇన్నేళ్ళూ ఎందుకు భయపడ్డానా అనిపించింది. ప్రతి ఆదివారం వీళ్ళను కూర్చోబెట్టుకుని చెప్పాలని అనుకున్నాను.

పాప మాంత్రికుడి మొహం తీసుకుని తన మొహానికి పెట్టుకుంది. ఎర్రకళ్ళ మధ్య బెజ్జాల్లో నుంచి అన్న కళ్ళే నన్ను చూశాయి. "నాయన దీన్ని పెట్టుకొని ఏమనేవాడు చిన్నాయనా?" అంది.

చెప్పాను. ఏయ్ మానవా, నా గుహలోకి వచ్చినవాడు తిరిగి పోడు అనేవాడు అని చెప్పాను. ఆ మాటలు ముక్క పోకుండా గుర్తున్నాయి.

"అట్లగాదు. నాయన అన్నట్టు అను. నాయన గొంతు ఎట్లుండేది? లావుగానా, సన్నంగానా?"

నోరు తెరిచాను. మాటలు నాలిక మీదే ఉన్నాయి. కళ్ళు మూసుకుని అన్నను ఇసక కుప్ప మీద నిలబెట్టుకున్నాను, చొక్కా రంగుతో సహా కనిపించాడు. పెదవులు కదులుతున్నాయి. ఏమీ వినపడలేదు. పంపు దగ్గర నిలబెట్టుకున్నాను. ఉండనీలే అన్నాడు, ఆ మాట నాకు నా గొంతులోనే వినపడింది. అన్న గొంతు నాలో నుంచి ఎన్నేళ్ళ కిందట పోయిందో కూడా తెలీదు. ఒక్కసారి కూడా ఎవరికీ మా అన్న మాటను అదే గొంతుతో చెప్పి చూపించలేదు నేను.

పాప మాంత్రికుడి మొహం కిందికి దించి ఎదురుచూస్తోంది. నేను వదిన వైపు తిరిగాను. ఆమె చెబుతుందని, ఆమె దగ్గర ఉంటుందని.

వదిన తల వంచుకుని తన పచ్చటి వేళ్ళకేసి చూసుకుంటోంది.

"నాకు ఎప్పుడో మర్సిపోయిందప్పా. నీ కాడైనా ఉంటాదనుకొన్నా" అంది.